చేతిలో జీపీఎస్ ఉంది కదా అని బయల్దేరే ముందు

జీపీఎస్ తప్పు చూపిస్తున్నప్పుడు కూడా తెర మీద అంకెలు అంతే స్పష్టంగా ఉంటాయి. బాణం అంతే ధీమాగా దారి చూపిస్తుంది. మొక్కల సర్వేకో, నీటి నమూనాలకో, పక్షుల లెక్కింపుకో, కొండల్లో ట్రెక్కింగ్‌కో వెళ్లేవాళ్లు ముందుగా మనసులో పెట్టుకోవాల్సింది ఇదే. తప్పును పట్టుకునే ఏర్పాట్లు మనమే చేసుకోవాలి, అవి చాలావరకు ఇల్లు కదలకముందే చేయాల్సినవి.

అన్నిటికంటే ముందు సెట్టింగులు చూడండి. ఫీల్డ్‌లో జరిగే పెద్ద తప్పులు శాటిలైట్ల వల్ల కంటే సెట్టింగుల వల్లే ఎక్కువగా వస్తాయని నా నమ్మకం. మొదటిది డేటమ్, అంటే భూమి మీద స్థానాన్ని ఏ ఆధారం నుంచి కొలవాలో చెప్పే లెక్క. జీపీఎస్ సహజంగా డబ్ల్యూజీఎస్ 84 అనే లెక్కలో పనిచేస్తుంది. పాత కాగితం మ్యాపులు చాలావరకు వేరే డేటమ్ మీద గీసినవి. మ్యాప్ ఒక డేటమ్‌లో, పరికరం ఇంకో డేటమ్‌లో ఉంటే స్థానం పదుల నుంచి కొన్ని వందల మీటర్ల దాకా పక్కకు జరుగుతుంది. మ్యాప్ అంచున ఏ డేటమ్ అని రాసి ఉంటుంది. అది చూసి, పరికరంలోనూ అదే పెట్టండి.

రెండోది అంకెలు రాసే పద్ధతి. ఇక్కడ జరిగే పొరపాటు ఎంత దూరం తీసుకెళ్తుందో లెక్క వేసి చూస్తే భయం వేస్తుంది. 10 డిగ్రీల 30.50 నిమిషాలు అనే అక్షాంశాన్ని ఎవరైనా 10.3050 డిగ్రీలు అని ఎక్కించారనుకోండి. తేడా దాదాపు 22 కిలోమీటర్లు. అదే అంకెను 30 నిమిషాల 50 సెకన్లు అని చదివితే తేడా 600 మీటర్లు దాటుతుంది. మొదటి తప్పు మ్యాప్ మీద పెట్టగానే దొరికిపోతుంది. రెండోది దొరకదు, ఎందుకంటే ఆ చుక్క కూడా అదే కొండ మీద, అదే అడవిలో పడుతుంది. కాబట్టి బృందం మొత్తానికి ఒకే పద్ధతి పెట్టండి. నా సలహా దశాంశ డిగ్రీలు, ఐదు దశాంశ స్థానాల వరకు. ఐదో స్థానం అంటే దాదాపు ఒక మీటరు, చేతి పరికరానికి అంతకు మించి రాసినా అర్థం లేదు. యూటీఎం (భూమిని జోన్లుగా విడదీసి, స్థానాన్ని మీటర్లలో చెప్పే పద్ధతి) వాడేవాళ్లు జోన్ నంబరు లేకుండా ఒక్క పాయింటు కూడా రాయకూడదు. భూమి మొత్తం 60 జోన్లు, ఒకే అంకెల జత ప్రతి జోన్‌లోనూ ఎక్కడో ఒకచోట ఉంటుంది.

పాత పరికరం వాడుతుంటే తేదీ కూడా చూడండి. జీపీఎస్ సిగ్నల్ వారాలను 1024 వరకే లెక్కపెట్టి మళ్లీ సున్నాకు వస్తుంది. కిందటిసారి అలా జరిగింది 2019 ఏప్రిల్‌లో. ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయని కొన్ని పరికరాలు అప్పటినుంచి దాదాపు 20 ఏళ్ల వెనకటి తేదీ చూపిస్తాయి. స్థానం సరిగ్గానే ఉండొచ్చు గానీ, సర్వే రికార్డులో తేదీ తప్పయితే ఆ రికార్డు ఎందుకూ పనికిరాదు. కెమెరా గడియారాన్ని కూడా బయల్దేరే ముందే జీపీఎస్ గడియారంతో సరిచూసుకోండి. తర్వాత ఫోటోలను ట్రాక్‌తో, అంటే నడిచిన దారి రికార్డుతో, జతచేసేటప్పుడు పని తేలికవుతుంది. ట్రాకులు, పాయింట్లు దాచే జీపీఎక్స్ ఫైళ్లలో సమయం స్థానిక సమయంలో కాకుండా యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో) నమోదవుతుందన్న సంగతి కూడా నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి పెట్టుకోండి.

బ్యాటరీల విషయం అందరికీ తెలిసిందే, అయినా ఒక మాట. చలిలో మామూలు ఆల్కలైన్ సెల్స్ త్వరగా చేతులెత్తేస్తాయి, లిథియం సెల్స్ చాలాసేపు నిలబడతాయి. స్పేర్ సెల్స్‌ను బ్యాగు పైజేబులో కాకుండా ఒంటికి దగ్గరగా ఉండే జేబులో పెట్టుకోండి. ఏ రకం సెల్స్ వేశారో పరికరంలో సెట్ చేయండి, లేకపోతే బ్యాటరీ గుర్తు తప్పు చూపిస్తుంది. సెల్స్ మార్చాక ఎలక్ట్రానిక్ కాంపాస్‌ను మళ్లీ కాలిబ్రేట్ చేయాలి, అంటే దిక్కు సరిగ్గా చూపేలా సరిచేయాలి. ఇది చాలామంది మర్చిపోతారు.

ఫోన్ మీదే ఆధారపడేవాళ్లకు: నెట్‌వర్క్ లేకపోయినా ఫోన్ జీపీఎస్ పనిచేస్తుంది, కానీ మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోకపోతే ఖాళీ తెర మీద నీలం చుక్క ఒక్కటే మిగులుతుంది. డౌన్‌లోడ్ అయ్యిందో లేదో ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఇంట్లోనే పరీక్షించండి.

నడక మొదలుపెట్టే చోట

బండి దిగగానే పరికరం ఆన్ చేసి నడవడం మొదలుపెట్టకండి. చాలాకాలం వాడని పరికరానికి, వందల కిలోమీటర్ల దూరం తీసుకొచ్చిన పరికరానికి కుదురుకోవడానికి కొంత సమయం కావాలి. ఉపగ్రహాలన్నిటి వివరాల పట్టిక సిగ్నల్ ద్వారా పూర్తిగా అందడానికే 12 నిమిషాల 30 సెకన్లు పడుతుంది. ఆకాశం బాగా కనిపించే చోట నిలబడి ఆన్ చేసి, కదలకుండా ఉండండి. ఎత్తు కూడా తెలియాలంటే కనీసం నాలుగు ఉపగ్రహాలు దొరకాలి. తర్వాత, బయల్దేరే చోటును వేపాయింట్‌గా (పరికరంలో గుర్తుపెట్టుకునే చోటుగా) సేవ్ చేయండి. తిరుగు ప్రయాణానికి అవసరమయ్యే పాయింటు అదే. ఆ ఒక్కటీ తొందరలో తప్పుగా పడితే సాయంత్రం చీకట్లో ఎంత టెన్షన్ అవుతుందో ఊహించుకోండి. ట్రాక్ రికార్డింగ్ ఆన్ అయి ఉందా, మెమరీ నిండితే పాత పాయింట్లు చెరిగిపోయేలా సెట్టింగ్ ఉందా అన్నవి కూడా ఇక్కడే చూడండి.

ఆ సిగ్నల్ దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి వస్తుంది. మన దాకా వచ్చేసరికి అది చాలా బలహీనం. దట్టమైన చెట్ల కింద, ముఖ్యంగా ఆకులు తడిగా ఉన్నప్పుడు, ఇంకా తగ్గుతుంది. కొండచరియ పక్కన ఇంకో చిక్కు ఉంది. సిగ్నల్ రాతికి తగిలి, చుట్టు తిరిగి వస్తుంది. పరికరం ఆ అదనపు దూరాన్ని నిజమనుకుని మిమ్మల్ని వేరేచోట చూపిస్తుంది. ఖాళీ ఆకాశం కింద 5 మీటర్ల అటూఇటూగా ఉండే తేడా ఇలాంటి చోట్ల 10, 20 మీటర్లకు, ఒక్కోసారి ఇంకా ఎక్కువకు పెరుగుతుంది. తెర మీద కనిపించే ‘ప్లస్ ఆర్ మైనస్ 4 మీటర్లు’ అన్నది పరికరం వేసుకున్న అంచనా మాత్రమే, హామీ కాదు.

సర్వే పాయింటు తీసుకునేటప్పుడు పరికరాన్ని జేబులోంచి తీయండి, ఒంటికి దూరంగా, ఆకాశం వైపు పట్టుకోండి. ఒకేచోట చాలా కొలతలు తీసుకుని సగటు తీసే సదుపాయం ఉంటే వాడండి, రెండు మూడు నిమిషాలు ఆగండి. తర్వాత మళ్లీ వెతుక్కోవాల్సిన ప్లాట్ అయితే, కొంత సమయం ఇచ్చి ఇంకోసారి కూడా సగటు తీయండి. ఈలోగా ఉపగ్రహాల అమరిక మారుతుంది కాబట్టి రెండో కొలత నిజమైన తనిఖీ అవుతుంది. పాయింటు నంబరు, అంకెలు, చూపించిన తేడా, డేటమ్, పక్కనున్న గుర్తు ఇవన్నీ పెన్సిల్‌తో నోట్‌బుక్‌లో రాయండి. తడిసినా పెన్సిల్ రాత నిలుస్తుంది. పరికరం నీళ్లలో పడిపోయిన రోజు ఆ నోట్‌బుక్ ఒక్కటే మీ సర్వే.

ఎత్తు అంకెను తొందరగా నమ్మకండి. జీపీఎస్ లెక్కలో ఎత్తు తేడా అడ్డం తేడా కంటే ఎక్కువగా ఉంటుంది. గాలి పీడనంతో ఎత్తు కొలిచే పరికరాలు దీనికంటే నిలకడగా ఉంటాయి, కానీ ఎత్తు తెలిసిన చోట వాటిని సరిచేస్తూ ఉండాలి. పీడనం ఒక మిల్లీబార్ తగ్గితే దాదాపు 8 మీటర్లు పైకెక్కినట్టు చూపిస్తుంది. దీంట్లో ట్రెక్కర్లకు పనికొచ్చే విషయం ఒకటుంది. రాత్రి గుడారం కదలకపోయినా తెల్లారేసరికి ఎత్తు 40, 50 మీటర్లు పెరిగి కనిపిస్తే, పీడనం పడిపోతోందన్నమాట. వాతావరణం చెడిపోవచ్చు, ఆ రోజు శిఖరం ఎక్కే ఆలోచన మళ్లీ చూసుకోండి.

బాణం చెప్పే దారి

పాయింటు ఎంచుకుని ‘గో టు’ నొక్కితే బాణం తిన్నగా గీత గీసినట్టు ఆ దిక్కునే చూపిస్తుంది. మధ్యలో లోయ ఉందా, వాగు పొంగుతోందా అన్నది దానికి పట్టదు. ‘700 మీటర్లు’ అన్నది కాకి ఎగిరే దూరం, నిటారు కొండ మీద ఆ దూరానికి రెండు గంటలు పట్టొచ్చు. తిరిగి వచ్చేటప్పుడు తిన్నటి గీతను నమ్మకుండా, వెళ్లిన ట్రాక్ మీదే వెనక్కి రండి. కొండ మీద పొగమంచు కమ్మినప్పుడు ఈ నియమాన్ని అస్సలు వదలొద్దు. కాంపాస్ లేని పరికరాలు నడుస్తున్నప్పుడే దిక్కు సరిగ్గా చెబుతాయి, నిలబడితే బాణం ఎటో తిరుగుతుంది.

అందుకే కాగితం మ్యాపు, మామూలు దిక్సూచి బ్యాగులో ఉండి తీరాలి, వాటిని చదవడం బృందంలో కనీసం ఇద్దరికి రావాలి. జీపీఎస్‌లో నిజ ఉత్తరం (ఉత్తర ధ్రువం వైపు), అయస్కాంత ఉత్తరం (దిక్సూచి సూది చూపే వైపు) అని రెండు ఎంపికలుంటాయి. దిక్సూచికీ దానికీ ఒకటే కుదరాలి. రెండింటి మధ్య 10 డిగ్రీల తేడా ఉన్న ప్రాంతంలో కలిపి వాడితే కిలోమీటరు నడిచేసరికి దాదాపు 175 మీటర్లు పక్కకు పోతారు. అరగంటకోసారి ఆగి, ‘మ్యాపులో ఇక్కడున్నాం, ఎదురుగా ఆ శిఖరం కనిపించాలి’ అని చూసుకోండి. శిఖరం కనిపించకపోతే, తెర మీద అంకెల్ని అనుమానించండి.

ఇంకో అపోహ ప్రాణం మీదికి తెస్తుంది. మామూలు జీపీఎస్ పరికరం సిగ్నల్ అందుకుంటుంది, అంతే. మీరెక్కడున్నారో అది ఎవరికీ పంపదు. సాయం పిలవాలంటే దానికి వేరే పరికరం కావాలి: 406 మెగాహెర్ట్జ్ మీద ఆపద సంకేతం పంపే అత్యవసర బీకన్, లేదా శాటిలైట్ ద్వారా మెసేజ్ పంపే పరికరం. ఇవి కొన్ని దేశాల్లో అనుమతి లేకుండా ఉంచుకుంటే నేరం, కాబట్టి ముందే కనుక్కోండి. ఏ పరికరం ఉన్నా లేకున్నా, ఏ దారిన వెళ్తున్నారు, ఎప్పటికి తిరిగొస్తారు, ఏ సమయం దాటితే వెతకాలి అన్నది కాగితం మీద రాసి బయట ఉండే ఒకరి చేతికి ఇచ్చి వెళ్లండి.

రోజూ సాయంత్రం ట్రాకులు, పాయింట్లు ఇంకో చోటికి కాపీ చేయండి. అరుదైన మొక్క, పక్షి గూడు, జంతువు గుహ దొరికితే ఆ అంకెలు బయట పెట్టకండి. వేటగాళ్లకూ, మొక్కల దొంగలకూ అంతకంటే మంచి సమాచారం ఉండదు. అసలు అంకెలు సర్వే రికార్డులో ఉంచి, బయటికిచ్చే వాటిలో ఒక దశాంశ స్థానం వరకే ఇవ్వండి, దాంతో స్థానం దాదాపు 11 కిలోమీటర్ల మేర మసకబారుతుంది. ఫోటో ఫైలులో స్థానం దాగి ఉంటుంది, షేర్ చేసే ముందు దాన్ని తీసేయండి.