ఇంట్లో పాముంటే పిల్లలకు ఎలా అలవాటు చేయాలి

మేము డాలస్ శివార్లలో ఉంటాం. మా ఇంట్లో ఒక కార్న్ స్నేక్ ఉంది. విషం లేనిది, నెమ్మదైనది. పెరిగితే నాలుగైదు అడుగులు ఉంటుంది, బాగా చూసుకుంటే 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది. అమ్మాయికి ఎనిమిదేళ్లు, బాబుకు మూడు. ఇద్దరికీ ఒకే నియమం కుదరదు.

ఐదేళ్లలోపు పిల్లలు పామును గానీ, అది ఉండే గాజుపెట్టెను గానీ ముట్టుకోకూడదని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతోంది. కాటు భయంతో కాదు, సాల్మొనెల్లా వల్ల. చక్కగా ఆరోగ్యంగా ఉన్న పాము మలంలోనూ ఆ బ్యాక్టీరియా ఉండవచ్చు. అది పాము ఒంటికి అంటి, అక్కడి నుంచి పిల్లల చేతికి, నోటికి చేరుతుంది. పసివాళ్లలో విరేచనాలతో పోకుండా రక్తంలోకీ పాకవచ్చు. అందుకే మా బాబు అద్దం ఇవతల నుంచే చూస్తాడు. ఎంత ఏడ్చినా నేను మెత్తబడను. పెట్టె తాళం కూడా నా దగ్గరే ఉంటుంది.

అమ్మాయికి ముందుగా చూడటం నేర్పాను. పాము నాలుక ఆడించేది వాసన పట్టడానికి. కళ్లు నీలంగా మసకబారితే కుబుసం విడవబోతున్నట్టు. అప్పుడు దానికి చూపు సరిగా ఆనదు, ముట్టుకోకూడదు. తిన్న తర్వాత రెండు రోజులూ అంతే, కదిలిస్తే తిన్నది కక్కేస్తుంది. ఇవన్నీ తనంతట తాను గమనించి చెప్పగలిగాకే చేతికి ఇవ్వడం మంచిదని నా నమ్మకం.

ముట్టుకునే ముందు చేతులు సబ్బుతో కడిగించండి. వేలికి తిండి వాసన ఉంటే పాము పొరబడుతుంది. పిల్లను నేల మీద కూర్చోబెట్టి, పామును మీరే పట్టుకోండి, తల మీ వైపు ఉండాలి. చెయ్యి పైనుంచి దించితే గద్ద వాలినట్టు బెదురుతుంది, పక్కనుంచి రావాలి. రెండు వేళ్లతో నడుము దగ్గర, తోక వైపుకే నిమరాలి. అది అలవాటయ్యాక రెండు అరచేతుల మీద పాకనివ్వచ్చు, పిడికిలి మాత్రం బిగించకూడదు. మొదట్లో ఐదు నిమిషాలు చాలు. మెడ వంకీలు తిప్పి వెనక్కి లాక్కుంటే వెంటనే పెట్టెలో పెట్టేయండి. ముద్దు పెట్టుకోవడం, మెడలో వేసుకోవడం వద్దే వద్దు. ఒకవేళ కరిస్తే లాగకండి, పళ్లు గీరుకుంటాయి. వదిలాక సబ్బు నీళ్లతో కడగండి.

తర్వాత చేతులు మళ్లీ కడగాలి. పాము నీళ్ల గిన్నెను వంటింటి సింకులో కడగవద్దు.

నేను అన్నిటికన్నా పట్టుబట్టేది ఇంటి బయట సంగతి. మా పెరట్లోకి కాపర్‌హెడ్ రావచ్చు; అది విషసర్పం, పిల్లల కంటికి మా పాములాగే కనిపిస్తుంది. సెలవులకు తెనాలి వైపు మా ఊరికి వెళితే నాగుపాము, కట్లపాము, రక్తపింజరి ఉంటాయి. ఇంట్లో భయం పోయిన పిల్లలే అక్కడ చెయ్యి చాస్తారు. అందుకే ప్రతి ప్రయాణానికి ముందు అమ్మాయి చేత చేయించి చూస్తాను: పాము కనిపిస్తే ఆగాలి, మెల్లగా వెనక్కి జరగాలి, పెద్దవాళ్లను పిలవాలి.