ఫలనాప్సిస్ ఆర్కిడ్ ఇంట్లో మళ్లీ పూయాలంటే ఏం చేయాలి?

పూలు రాలగానే ఫలనాప్సిస్ ఆర్కిడ్‌ను చెత్తలో పడేసేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ మొక్క చావలేదు. గట్టి ఆకులు మూడు నాలుగు, పచ్చటి వేర్లు ఉంటే అది మళ్లీ పూస్తుంది. పూసిన పూలు రెండు మూడు నెలలు నిలుస్తాయి.

కుండీ: అడుగున కన్నాలున్న పారదర్శకమైన ప్లాస్టిక్ కుండీ, అందులో బెరడు ముక్కలు. మట్టి వద్దు. ఇది అడవిలో చెట్లను అంటిపెట్టుకుని, గాలిలో వేర్లతో బతికే మొక్క. వేర్లు కనిపించని కుండీలోనూ పెరుగుతుంది గానీ, వేర్లు కనిపిస్తే నీళ్లు ఎప్పుడు పోయాలో తెలుసుకోవడం తేలిక.

పాత పూకాడ: మొదలుకంటా కోసేయండి. కణుపు పైన కోస్తే పక్కనుంచి ఇంకో కొమ్మ త్వరగా వస్తుందంటారు. వస్తుంది, కానీ ఆ పూలు చిన్నవి, పైగా మొక్క నీరసిస్తుంది.

నీళ్లు: వేర్లు వెండి రంగుకు తిరిగాక, ఉదయం పూట, కుండీని పది నిమిషాలు నీళ్లలో నానబెట్టి పూర్తిగా వార్చండి. మొవ్వులో (ఆకులు పుట్టే నడిమి భాగంలో) నీళ్లు నిలిస్తే కుళ్లుతుంది, దూదితో అద్దేయండి. ఎరువు ప్యాకెట్ మీద రాసిన మోతాదులో పావు వంతు చాలు.

వెలుతురు: తూర్పు కిటికీ. ముదురు పచ్చ ఆకును చూసి మురిసిపోకండి, అది వెలుతురు సరిపోని ఆకు. లేతపచ్చగా ఉండాలి.

ఇక అందరూ తప్పు చేసేది చల్లదనం దగ్గర. పూల ఎరువుల మీద డబ్బు పోస్తారు గానీ, ఈ మొక్కకు పూకాడ వేయమని చెప్పేది ఎరువు కాదు, ఉష్ణోగ్రత. అది తెలిసినవాళ్లు కూడా రాత్రి చల్లగా ఉంటే చాలనుకుని, పగలంతా వేడి గదిలో ఉంచుతారు. 2006లో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రెండు రకాల ఫలనాప్సిస్ మీద ఇదే పరీక్షించారు. పగలు 23, రాత్రి 17 డిగ్రీల్లో ఉంచిన మొక్కల్లో నూటికి 80కి తగ్గకుండా కాడ వేశాయి. పగలు 29 డిగ్రీలు ఉన్నచోట, రాత్రి 17కి దించినా 20 వారాల్లో ఒక్కటీ వేయలేదు. అంటే పగటి పూట చల్లగా ఉండాలి.

కాబట్టి ఏడాదిలో చల్లటి రోజులు చూసుకుని మొదలుపెట్టండి. పగలు 25 దాటకుండా, రాత్రి 16–18 మధ్య, నాలుగు నుంచి ఆరు వారాలు. గది గోడ మీది థర్మామీటర్‌ను నమ్మకండి, ఆకు పక్కనే ఒకటి పెట్టండి. కిటికీ అద్దం లోంచి పడే ఎండకు ఆకు గది కంటే బాగా వేడెక్కుతుంది. ఏసీ గదిలో పెట్టేవాళ్లు పగలు కూడా వేయాలి, గాలి మాత్రం నేరుగా తగలకూడదు. చల్లగా ఉంది కదా అని చీకటి మూలకు నెట్టేస్తే కాడ రాదు. చల్లదనం, వెలుతురు రెండూ కలిసి అందాలి. 13 డిగ్రీల కంటే దిగనివ్వకండి. రెండు వారాలు చూసి, ఏమీ రాలేదని మళ్లీ వేడి గదికి మార్చేవాళ్లే ఎక్కువ. కదపకండి, ఓపిక పట్టండి.

ఆకు మొదట్లోంచి కొత్త కొన పొడుచుకొస్తే వెంటనే సంబరపడకండి. వేరు కొన గుండ్రంగా, నున్నగా ఉంటుంది. పూకాడ కొన కాస్త చదునుగా, పొరలు కప్పుకుని పైకి చూస్తుంది. కాడ వచ్చింది కదా అని చిన్నగా ఉండగానే వేడిలో పెడితే, మొగ్గలకు బదులు పిల్లమొక్క రావచ్చు. జానెడు పెరిగేదాకా అక్కడే ఉంచండి.

తర్వాత కుండీని తిప్పకండి, తిప్పితే కాడ వంకర్లు పోతుంది. సన్నటి పుల్లకు వదులుగా కట్టండి. మొగ్గలు తొడిగాక పండ్ల బుట్టను ఆ గదిలోంచి తీసేయండి: పండే పండ్లు వదిలే ఇథిలీన్ వాయువుకు మొగ్గలు విచ్చకుండానే పసుపెక్కి రాలిపోతాయి. కాడ కనిపించాక పూలు విచ్చడానికి రెండు మూడు నెలలు పడుతుంది, కింది మొగ్గ ముందు విచ్చుకుంటుంది.