సామాను, సంసారం, సౌండ్ పోస్టు: పిల్లలతో కొత్త ఊరు వచ్చి సంగీతంలో పి.జి. చేయాలంటే

నేను వయొలిన్‌లో పి.జి. చేరేనాటికి మా అమ్మాయికి నాలుగేళ్ళు, బాబుకు పది నెలలు. ఊరు కొత్త. నా చదువు కోసం మా వారు చేస్తున్న ఉద్యోగం వదిలి వచ్చారు. మొదటి సెమిస్టర్‌లో నేను పడ్డ తిప్పలన్నీ ఇల్లు, వేళలు, కాగితాలు, జ్వరాల చుట్టూ తిరిగాయి. వీటికీ సంగీతానికీ సంబంధం ఏముందిలే అనుకున్నాను. డిసెంబరులో పరీక్షకు కూర్చున్నప్పుడు కమాను (తీగల మీద నడిపే కర్ర) పట్టే చెయ్యి ఎందుకు బిగుసుకుపోయిందో వెనక్కి లెక్క వేసుకుంటే కారణాలన్నీ అక్కడే దొరికాయి. రాగాల గురించి, గురువుల గురించి మీకు చెప్పేవారు చాలామంది ఉంటారు. నేను ఈ మిగతావి చెబుతాను.

గంటలు లెక్కపెట్టండి

సీటు ఇచ్చామన్న ఉత్తరం రాగానే అందరం సిలబస్ తెరుస్తాం. మీరు ముందు టైంటేబుల్ అడగండి. మిగతా శాఖల విద్యార్థులు ఇళ్ళకు బయలుదేరే వేళకు సంగీత శాఖలో అసలు సందడి మొదలవుతుంది. బృందవాద్యం రిహార్సల్సు, తోటి విద్యార్థుల కచేరీలు, అతిథి విద్వాంసుల పాఠాలు ఎక్కువగా సాయంత్రాలే. అంటే పిల్లలకు ఆకలి, నిద్ర, పేచీ మూడూ కలిసి వచ్చే వేళ. పైగా కాగితం మీద ఒక్క క్రెడిట్ అని అమాయకంగా కనిపించే బృందవాద్యం నాకు వారానికి రెండు సాయంత్రాలు మింగేది. కచేరీ దగ్గరపడితే నాలుగు. నేను క్రెడిట్లు కూడుకుని ఈ సెమిస్టర్ తేలికే అనుకున్నాను. తర్వాత తెల్లకాగితం మీద వారం గీసి, ఒక్కో కోర్సుకు పట్టే గంటలు, దారిలో పట్టే సమయంతో సహా నింపితే, గురువారంలో పిల్లల మొహం చూసే చోటే మిగలలేదు. ఆ కాగితం మీరు చేరకముందే గీయండి. ఏ కోర్సు రెండో ఏడాదికి వాయిదా వేయవచ్చో అప్పుడే తెలుస్తుంది.

శాఖకు రాసే మొదటి ఉత్తరంలోనే మొహమాటం లేకుండా అడగవలసినవి కొన్ని ఉన్నాయి. సాధన గదులు రాత్రిళ్ళు, సెలవు రోజుల్లో తెరిచి ఉంటాయా? వాద్యం అక్కడే భద్రంగా పెట్టుకునే అల్మారా ఇస్తారా? కుటుంబాలకు వసతి ఉందా, ఉంటే ఎన్నాళ్ళ ముందు దరఖాస్తు చేయాలి? చేరగానే సిద్ధాంతం, సంగీత చరిత్ర, స్వరజ్ఞానంలో పరీక్ష పెడతారా? చాలాచోట్ల పెడతారు. తప్పితే అదనంగా ఒక కోర్సు చదవమంటారు. పిల్లలున్నవారికి అదనపు కోర్సు అంటే అదనంగా డే కేర్ గంటలు కూడా. కాబట్టి బయలుదేరే ముందు నెల రోజులు కొత్త కృతి నేర్చుకోవడం మానేసి అయినా ఆ పరీక్షకు చదవండి. వేరే దేశం వెళ్తుంటే భార్యకో భర్తకో వచ్చే వీసాలో ఉద్యోగానికి అనుమతి ఉందో లేదో, మీ ఆరోగ్య బీమాలో పిల్లలు చేరతారో లేదో రాతపూర్వకంగా తెచ్చుకోండి.

డబ్బు సంగతిలో నాకు గుర్తొచ్చే మనిషి జర్మన్ స్వరకర్త యొహాన్ సెబాస్టియన్ బాఖ్. 1723లో ఆయన లైప్‌జిగ్‌కు కాపురం మార్చినప్పుడు నాలుగు బళ్ళ సామాను, రెండు బగ్గీల్లో కుటుంబం దిగిందని పత్రికలో వార్త వచ్చింది. ఏడేళ్ళ తర్వాత పాత మిత్రుడికి రాసిన ఉత్తరంలో, కొడుకుల చదువు కూడా చూసుకుని వచ్చానని, తీరా వచ్చాక చెప్పినంత రాబడి లేదని, ఊళ్ళో ఖర్చులు మండిపోతున్నాయని వాపోయాడు. అంత్యక్రియల సంగీతానికి వచ్చే రుసుము మీద ఆశ పెట్టుకుంటే, గాలి ఆరోగ్యంగా వీచిన ఏడాది చావులు తగ్గి అదీ తగ్గిందట! మీకు చెప్పిన ఉపకార వేతనంలో ఖాయంగా వచ్చేది ఎంత, పాఠాలు చెబితేనో వాద్యసహకారం అందిస్తేనో వచ్చేది ఎంత అని విడదీసి అడగండి. మొదటి చెల్లింపు ఏ తారీఖున చేతికి వస్తుందో కూడా అడగండి. ఇంటి అడ్వాన్సు అప్పటిదాకా ఆగదు.

‘కాస్త’ అన్న మాట

ప్రయాణంలో వయొలిన్ తీగలు కాస్త వదులు చేసుకోమని ఎవరో చెప్పారు. ‘కాస్త’ అన్న మాట నేను వినిపించుకోలేదు. ఒక చేత్తో బాబును పట్టుకుని, రెండో చేత్తో నాలుగు బిరడాలూ పూర్తిగా తిప్పేశాను. కొత్త ఇంట్లో పెట్టె తెరిస్తే బ్రిడ్జి, అంటే తీగలను ఎత్తి పట్టే చెక్కముక్క, పడుకుని ఉంది. వాద్యం ఎత్తితే లోపల ఏదో దొర్లుతున్న చప్పుడు. సౌండ్ పోస్టు పడిపోయింది. పై పలకకూ కింది పలకకూ మధ్య, జిగురు లేకుండా, ఒత్తిడి మీదే నిలబడే చిన్న కర్రముక్క అది. ఫ్రెంచివారు దాన్ని ‘ఆత్మ’ అంటారు. అది పడిపోయినప్పుడు తీగలు బిగిస్తే పై పలక కుంగి చీలిపోవచ్చు. కాబట్టి అలాగే మూసిపెట్టి, దాన్ని నిలబెట్టగల మనిషి కోసం వెతికాను. తొమ్మిది రోజులు పట్టింది.

మీరు అలా చేయకండి. తీగల శ్రుతి ఒక స్వరస్థానం, మహా అయితే రెండు స్వరస్థానాలు దించితే చాలు. బ్రిడ్జికి రెండు వైపులా మెత్తటి గుడ్డ పెట్టండి. తేమ నలభై నుంచి అరవై శాతం మధ్య ఉంటే కర్రకు సుఖం. పెట్టెలో పెట్టుకునే చిన్న తేమ కొలమానం దొరుకుతుంది, కొనుక్కోండి. పిల్లల డాక్టరు, వాద్యం బాగుచేసే మనిషి, ఈ రెండు చిరునామాలు సామాను సర్దకముందే చేతిలో ఉండాలి. పాత వీణ మీదో కమాను కొన మీదో దంతపు పని ఉంటే సరిహద్దులు దాటించేముందు అనుమతి పత్రాల సంగతి చూసుకోండి. వారసత్వంగా వచ్చిన వాద్యమన్న కారణంతో వదిలిపెట్టరు.

ఆ తొమ్మిది రోజులూ వర్ణాన్ని నోటితో పాడుకుంటూ, ఎడమ చేతి వేళ్ళను కుడి ముంజేతి మీద నొక్కుతూ గడిపాను. అప్పుడు ఏడుపొచ్చింది కానీ తర్వాత రెండేళ్ళూ నన్ను నడిపించిన అలవాటు అదే. దాని మాట మళ్ళీ వస్తుంది.

ఇల్లు చెవితో చూడండి

ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు గది మధ్యలో నిలబడి ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఖాళీ గది ఎలాగూ మోగుతుంది. మీరు వినవలసింది గోడల మధ్య చప్పుడు కొట్టుకుంటూ గణగణమంటుందా, ఊరికే కాసేపు నిలిచి ఆరిపోతుందా అన్నది. మొదటిది రోజూ భరించలేరు. తర్వాత వాద్యం తీసి ఐదు నిమిషాలు వాయించండి, మీతో వచ్చినవారిని మెట్ల దగ్గర, పక్క వాటా గుమ్మం దగ్గర నిలబెట్టండి. మేము మూడో ఇంట్లో ఇలా చేస్తుండగా పక్కావిడే తలుపు తీసి బయటకు వచ్చారు. ఆవిడకు రాత్రి డ్యూటీ, పగలు పదకొండు దాకా పడుకుంటారు. నాకు పదకొండు తర్వాత వాయించుకుంటే చాలు. ఇద్దరికీ వేళలు కుదిరాయి, ఇల్లు ఖాయమైంది. తర్వాత ఎప్పుడూ ఫిర్యాదు రాలేదు. సంగీతం ఇష్టమన్న ఇరుగుపొరుగుకన్నా వేళలు తెలిసిన ఇరుగుపొరుగు మేలని నా లెక్క.

ఇంట్లో ఏ గదిలో సాధన అన్నది కూడా ముందే తేల్చుకోండి. బట్టల అల్మారాలు, పరుపు, పుస్తకాలు ఉన్న గది ధ్వనిని కొంత పీల్చుకుంటుంది. బ్రిడ్జికి తొడిగే రబ్బరు మ్యూట్ పెట్టుకుంటే శబ్దం బాగా తగ్గుతుంది, పిల్లలు పడుకున్నాక వేళ్ళ పని చేసుకోవచ్చు. కానీ అదొక వ్యసనం. వారాల తరబడి మ్యూట్‌తోనే వాయించి, నాదం రావడం లేదని కమాను నొక్కడం మరిగాను. నా చెయ్యి బిగుసుకుపోవడానికి మూలం అదే. మ్యూట్‌తో సగం రోజులకన్నా ఎక్కువ వాయించవద్దు, నాదం పని కాలేజీ గదిలోనే చేసుకోండి.

మరొక మాట. చంటిబిడ్డను ఒళ్ళో పెట్టుకుని వాయిస్తే చూడముచ్చటగా ఉంటుంది, వద్దు. ఎనిమిది గంటల శబ్దానికి 85 డెసిబెల్స్ హద్దు అని, ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కూ వినదగిన సమయం సగానికి తగ్గుతుందని పెద్దల చెవులకు పెట్టిన లెక్క. వాద్యకారుడి ఎడమ చెవి దగ్గర వయొలిన్ ఆ హద్దును సులువుగా దాటుతుంది.

డే కేర్, జ్వరాలు

తరగతులు మొదలవడానికి కనీసం రెండు వారాల ముందే పిల్లలను డే కేర్‌కు అలవాటు చేయండి. మొదటి రోజు గంట, తర్వాత రెండు గంటలు, అలా. మేము తరగతులూ డే కేరూ ఒకే సోమవారం మొదలుపెట్టాం. బాబు ఏడుపు చెవిలో మోగుతుండగా స్వరజ్ఞాన పరీక్షలో కూర్చున్నాను. ఎన్ని మార్కులు వచ్చాయో చెప్పను.

కొత్త చోట కొత్త పిల్లల మధ్య చేరిన మొదటి నెలల్లో జలుబులు, జ్వరాలు వరస కడతాయి. అది ఎవరి తప్పూ కాదు. మొదటి సెమిస్టర్‌లో కచేరీ తేదీ పెట్టుకోకండి. మీ గురువుకు, మీతో వాయించేవారికి మొదటి వారంలోనే చెప్పండి: పిల్లలకు ఒంట్లో బాగాలేకపోతే పొద్దున్న ఏడింటికల్లా కబురు చేస్తాను, ఆ పాఠం ఫలానా రోజు పెట్టుకుందాం అని. ముందే చెప్పిన మాట పద్ధతిలా వినిపిస్తుంది, అప్పటికప్పుడు చెప్పింది సాకులా వినిపిస్తుంది. శాఖలో పిల్లలున్న మరో విద్యార్థి ఎవరో కనుక్కోండి. నాకు దొరికినావిడ గాత్రం. ఆవిడ పాఠం ఉన్నప్పుడు వాళ్ళ పాపను నేను, నా రిహార్సల్ ఉన్నప్పుడు మా ఇద్దరిని ఆవిడ చూసుకునేవాళ్ళం. ఒకరికి ఇద్దరు అన్యాయమే, ఆవిడ లెక్క చూడలేదు.

ముప్పై అయిదు నిమిషాల సాధన

సరళీ స్వరాలతో మొదలుపెట్టి, జంటలు, అలంకారాలు, వర్ణం మూడు కాలాల్లో, ఆ తర్వాత కృతి. చిన్నప్పటి నుంచి నా సాధన వరుస ఇది. రెండు గంటలు కావాలి. బాబు పగటి నిద్ర నలభై నిమిషాలు. శ్రుతి చేసుకోవడానికి అయిదు పోతే మిగిలేది ముప్పై అయిదు. మొదటి నెలంతా ఆ రెండు గంటల వరుసను ముప్పై అయిదు నిమిషాల్లో కుక్కడానికి చూశాను. ఏ రోజూ కృతి దాకా రాలేదు. సరళీ స్వరాలు మాత్రం అద్భుతంగా పలికేవి.

తర్వాత వరుస తలకిందులు చేశాను. నిద్ర మొదలవగానే ఆ వారం అన్నిటికన్నా ఇబ్బంది పెడుతున్న చోటికి నేరుగా వెళ్ళడం. ఒకే సంగతి (కృతిలో ఒక పంక్తిని మార్చి పాడే తీరు), ఒకే కాలం (వేగం). చేతులు వేడెక్కడానికి అదే సంగతిని నత్తనడకన వాయించడం. మిగతాదంతా పిల్లలు మెలకువగా ఉన్నప్పుడు, వాద్యం లేకుండా. స్నానం చేయిస్తూ స్వరం పాడుకోవచ్చు, బస్సులో తాళం వేసుకోవచ్చు, ముంజేతి మీద వేళ్ళు పెట్టుకోవచ్చు. సౌండ్ పోస్టు పడినప్పుడు నేర్చుకున్న విద్య అక్కరకు వచ్చింది.

వీటన్నిటికన్నా పనికొచ్చింది ఒక చిన్న నోటు పుస్తకం. వాయించడం ఆపగానే, బాబు ఏడుస్తున్నా సరే, ఒక్క వాక్యం రాయాలి: రేపు ఎక్కడ మొదలుపెట్టాలి. ‘చరణం రెండో స్వరం, నిషాదం దిగుతోంది, మెట్రోనోమ్ (లయ కొట్టే యంత్రం) 60 దగ్గర.’ ఇది లేకపోతే మర్నాడు మొదటి పది నిమిషాలు నిన్న ఏం చేశానో వెతుక్కోవడానికే పోతాయి. వాద్యాన్ని పెట్టెలో కాకుండా, పిల్లల చేతికి అందని ఎత్తులో గోడకు తగిలించండి. కమానుకు రాసే రోజిన్ కూడా పైనే పెట్టండి. మా బాబు ఒకసారి కొరికాడు.

నిద్ర మానుకుని సాధన చేయడం గొప్ప అనుకునే రోజులు నాకూ ఉన్నాయి. మనస్తత్వ శాస్త్రవేత్త ఆండర్స్ ఎరిక్సన్ బృందం 1993లో ప్రచురించిన పరిశోధనలో బెర్లిన్ సంగీత విద్యాలయం వయొలిన్ విద్యార్థులను పరిశీలించారు. మేటి వాద్యకారులు మిగతావారికన్నా ఎక్కువ సాధన చేయడమే కాదు, పగలు కునుకు కూడా ఎక్కువగా తీసేవారని తేలింది. అది చదివాక వారానికి ఒక మధ్యాహ్నం బాబుతోపాటు నేనూ పడుకున్నాను, ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా.

వెంట వచ్చిన మనిషి

మీకు శాఖ ఉంది, గురువు ఉన్నారు, వారం తిరగకుండానే పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఉంటారు. మీ వెంట వచ్చిన మనిషికి ఆ ఊళ్ళో మీరు తప్ప ఎవరూ లేరు, మీరు సాయంత్రాలు రిహార్సల్‌లో ఉంటారు. ఇది నాకు అర్థం కావడానికి నవంబరు వచ్చింది. ఒక రాత్రి నేను కచేరీ కబుర్లు చెబుతుంటే మా వారు, ‘ఇవాళ నాతో మాట్లాడిన పెద్దవాళ్ళలో నువ్వు మొదటిదానివి’ అన్నారు. అప్పుడు రాత్రి తొమ్మిదిన్నర.

మర్నాడు ఆ గంటల కాగితం మళ్ళీ గీశాం. మంగళవారం సాయంత్రం, ఆదివారం పొద్దున ఆయనవి. ఆ వేళల్లో నాకు రిహార్సల్ పడితే మానుకోవలసింది నేనే. పియానో విద్వాంసురాలు క్లారా, స్వరకర్త రాబర్ట్ షూమన్ 1840లో పెళ్ళి చేసుకున్నాక, ఆయన స్వరరచన చేస్తున్నంతసేపూ గోడల గుండా వినిపిస్తుందని ఆవిడ పియానో ముట్టుకునేవారు కాదు. సాధన పోతోందన్న ఆవిడ బాధ ఆ దంపతుల డైరీలో కనిపిస్తుంది. మా ఇంట్లో ఆ గోడకు అవతల ఉన్నది మా వారు. మంగళవారాలు మొదట్లో ఎక్కడికి వెళ్ళాలో తెలియక ఊరికే నడిచి వచ్చేవారు. సంక్రాంతి సెలవులయ్యేసరికి షటిల్ ఆడే జట్టు దొరికింది.

చివరి కచేరీకి హాలు అడిగేటప్పుడు ఏడాది ముందే అడగండి, వీలైతే ఉదయం వేళ తీసుకోండి. పిల్లలను చూసుకునేవారికి తలుపు పక్క కుర్చీలు ఉంచమనండి. నా కచేరీలో రెండో అంశం నడుస్తుండగా బాబు నిద్రపోయాడు, వాణ్ని భుజాన వేసుకుని మా వారు బయటకు వెళ్ళారు. కళ్ళు మూసుకుని ఆలాపన చేస్తున్నా ఆ సంగతి నాకు తెలిసింది, తలుపు కిర్రుమంది కాబట్టి. రికార్డింగులో ఇప్పటికీ వినిపిస్తుంది. ముందురోజు హాలు చూడటానికి వెళ్ళినప్పుడు తలుపు తీసి, వేసి చూడండి.