దుస్తులు బాగున్నాయని ఇంగ్లీషులో చెప్పాలంటే

మెచ్చుకునే ముందు ఒక్కటి తేల్చుకోండి: మీకు నచ్చింది ఆ బట్టా, అది ఆ మనిషికి నప్పిన తీరా, కొలత కుదిరిన తీరా? దేనికి తగిన క్రియ దానికి ఉంది.

రంగో మోడలో మనిషికి నప్పితే 'దట్ కలర్ సూట్స్ యు' అనండి. తెలుగులో 'మీకు' అంటాం కాబట్టి 'సూట్స్ టు యు' అని నోటికొచ్చేస్తుంది. అక్కడ 'టు' ఉండకూడదు. కొలత సరిగ్గా కుదిరితే 'ఇట్ ఫిట్స్ యు వెల్'. చొక్కా ప్యాంటుతో కలిసిపోతే 'గోస్ వెల్ విత్'. 'మ్యాచెస్' అంటే ఎక్కువగా రెండింటి రంగో డిజైనో ఒకటేనన్న అర్థం వస్తుంది. ఒంటిమీద అందంగా ఉందనడానికి 'దట్ జాకెట్ లుక్స్ గ్రేట్ ఆన్ యు'. 'ఈజ్ లుకింగ్ నైస్' కన్నా 'లుక్స్ నైస్' సహజం.

ఎక్కువ పొరపాట్లు జరిగేది నామవాచకాల దగ్గరే. మనం ఏ బట్టల్నైనా డ్రెస్ అంటాం. బయటివాళ్లకు డ్రెస్ అంటే సాధారణంగా ఆడవాళ్లు వేసుకునే, పైనా కిందా కలిసిన గౌను లాంటిది. అందుకే మగవాళ్లతో 'నైస్ షర్ట్' అనో, మొత్తం వేషధారణ నచ్చితే 'గ్రేట్ ఔట్‌ఫిట్' అనో చెప్పాలి. 'క్లాత్' అంటే కుట్టని గుడ్డ, వేసుకునేవి 'క్లోజ్'. జీన్స్, షూస్ బహువచనాలు, కాబట్టి 'దోజ్ జీన్స్ లుక్ గుడ్'. బ్రిటన్‌లో 'ప్యాంట్స్' అంటే లోదుస్తులు. అక్కడ 'ట్రౌజర్స్' అనకపోతే మెచ్చుకోలు కాస్తా ఇబ్బందిగా మారుతుంది.

మాట బలం కూడా చూసుకోవాలి. 'నైస్' తేలిక, 'లవ్లీ' ఆత్మీయం, 'గార్జియస్' పెళ్లి, విందు లాంటి సందర్భాలకు. గార్జియస్‌లోనే 'చాలా' ఉంది, దాని ముందు 'వెరీ' పెట్టకండి. కావాలంటే 'అబ్సొల్యూట్లీ' చేర్చండి. ఆఫీసులో 'ఎలిగెంట్', 'షార్ప్' హుందాగా ఉంటాయి. 'స్మార్ట్' బ్రిటన్‌లో చక్కగా తయారయ్యారన్న అర్థమిస్తుంది, అమెరికాలో మాత్రం ముందు తెలివి గుర్తొస్తుంది. 'హాట్', 'సెక్సీ' సహోద్యోగులతో అసలు వద్దు.

'హోమ్లీ' అనే మాట మన దగ్గర ప్రశంసే. అమెరికాలో దానర్థం అందం లేని మనిషని! 'ఇట్ మేక్స్ యు లుక్ స్లిమ్' అంటే మామూలుగా లావన్నట్టే వినిపిస్తుంది. 'యు లుక్ నైస్ టుడే'లో 'టుడే'ని ఒత్తి పలికితే మిగతా రోజుల సంగతేమిటని అనుకుంటారు.

మా సలహా, ఒక వివరం పట్టుకోండి. 'ఐ లవ్ ది ఎంబ్రాయిడరీ ఆన్ యువర్ స్లీవ్స్' అన్నప్పుడు మీరు నిజంగా చూశారని ఎదుటివారికి తెలుస్తుంది, శరీరం ఊసూ రాదు. 'వేర్ డిడ్ యు గెట్ ఇట్?' అని అడగొచ్చు, చాలామంది సంతోషంగా చెబుతారు. ధర మాత్రం అడగకండి.