మేత ముందా, ఏరేటర్ ఆగడం ముందా: ఫోన్ల మధ్య వరుస కట్టే పద్ధతి

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల లెక్కలు నమోదు చేసే యాప్ పని నాది. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు పైకి తేలాయంటే రైతు మొదట అడిగేది ఇదే: మేత ముందు వేశారా, ఏరేటర్ (నీటిలో గాలి కలిపే యంత్రం) ముందు ఆగిందా? ఫోన్లలోని టైమును నమ్మి జవాబు చెప్పకండి. సిగ్నల్ లేని గట్టు మీద ఫోను గడియారం తప్పితే సరిదిద్దే దిక్కుండదు.

ప్రతి ఫోనులో ఒక అంకె ఉంచండి. నమోదు జరిగిన ప్రతిసారీ ఒకటి పెంచండి, కబురుతో పాటు దాన్నీ పంపండి. అందుకున్న ఫోను తన అంకెలో, వచ్చినదానిలో పెద్దది తీసుకుని ఒకటి కలుపుకోవాలి. కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ 1978లో ఒక వ్యాసంలో చెప్పిన పద్ధతి ఇది. అయితే అంకె చిన్నదైనంత మాత్రాన ఆ పని ముందు జరిగిందనుకోకూడదు.

అది తేల్చాలంటే ఫోనుకో గడి చొప్పున వెక్టార్ కావాలి, అంటే ఏ ఫోనులో ఎన్నో నమోదు వరకు తెలుసో చెప్పే అంకెల వరుస. మొదటి గడి గట్టు ఫోనుది, రెండోది షెడ్డు ఫోనుది. గట్టు మీద మేత 3-1, షెడ్డులో ఏరేటర్ ఆగడం 1-3 అనుకుందాం. మొదటి గడిలో మేత పెద్దది, రెండో గడిలో ఏరేటర్ పెద్దది. అంటే ఒకదాని సంగతి మరొకదానికి తెలియదు. రెండింటినీ పక్కపక్కనే చూపించండి. తెలియని వరుసను కల్పించి కూలీ మీద నింద వేయడం అన్యాయం. అదే మేత 5-3 అయి ఉంటే, ఏరేటర్ ఆగిన కబురు అందాకే మేత పడిందని గట్టిగా చెప్పవచ్చు.

పంట పంటకూ మనుషులు మారతారు, ఫోన్లూ మారతాయి. గడులు పెరుగుతూనే ఉంటాయి. కాబట్టి ఫోన్లన్నీ షెడ్డు కంప్యూటర్ ద్వారానే మాట్లాడుకునేలా చేయండి. అది ప్రతి నమోదుకూ వరుస సంఖ్య వేసి, మధ్యలో ఏదీ వదలకుండా ఫోన్లకు పంపాలి. ఫోను తన సొంత అంకెనూ, చివరిగా అందిన వరుస సంఖ్యనూ దాచుకుంటే చాలు. యాప్ మళ్లీ ఎక్కిస్తే ఆ ఫోనుకు కొత్త పేరు ఇవ్వండి. పాత పేరుతో లెక్క ఒకటి నుంచి మొదలైతే అంతా కలగాపులగమే.

గట్టు మీది కేకలు, ఫోన్ కాల్స్ యాప్‌కు వినబడవు. లాంపోర్ట్ కూడా ఆ వ్యాసంలోనే టెలిఫోన్ ఉదాహరణతో ఈ చిక్కును చూపాడు. అందుకే మేత నమోదులో 'ఏ కబురు విని చేశారు?' అనే మీట పెట్టండి. నొక్కితే వచ్చిన సమాధానాన్ని బట్టి మేత నమోదును ఆ కబురు నమోదుకు ముడివేయండి. అది ఇంకా షెడ్డు నుంచి అందకపోతే 'నోటిమాట' అని రాసి ఉంచి, అందాక కలపండి.