టెక్సస్ స్టేట్ పార్కులో చేపలు పట్టాలంటే లైసెన్స్ కావాలా?

ఒడ్డు మీదో, పార్కు లోపలున్న ఫిషింగ్ పియర్ (చేపలు పట్టడానికి నీళ్లలోకి కట్టిన వంతెనలాంటి వేదిక) మీదో నిలబడి గాలం వేస్తే టెక్సస్ స్టేట్ పార్కుల్లో లైసెన్స్ అక్కర్లేదు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి కూడా. ఎంట్రీ ఫీజు మాత్రం కట్టాలి. డాలస్ పక్కనే సీడార్ హిల్ పార్కుంది కదా, అక్కడ ఒడ్డున ఫ్రీయే, కానీ పడవెక్కి జో పూల్ లేక్‌లోకి వెళ్లారంటే లైసెన్స్ చూపించాల్సిందే. 17 ఏళ్లలోపు పిల్లలకి ఎక్కడైనా అవసరం లేదు. పెద్దవాళ్లకి ఒక్కరోజు లైసెన్స్ కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఏడాది లైసెన్స్‌లు చాలావరకు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31కి అయిపోతాయి, కాబట్టి జులైలో కొనడం దండగ.

లైసెన్స్ లేదు కదా అని దొరికినవన్నీ ఇంటికి పట్టుకెళ్లకండి, రూల్స్ అలాగే ఉంటాయి. లార్జ్‌మౌత్ బాస్ అనే చేప మామూలుగా కనీసం 14 అంగుళాలుండాలి, మూతి మూసి, తోక దగ్గరికి నొక్కి టేపుతో కొలవండి, తగ్గితే వెంటనే నీళ్లలో వదిలేయాలి. గాలం లేకపోతే కొనేయకండి, చాలా పార్కుల్లో ఉచితంగా అరువిస్తారు, ముందు ఫోన్ చేసి అడగండి.