చదివిస్తున్న అమ్మాయిని చూడటానికి విదేశం వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఒక స్వచ్ఛంద సంస్థ ద్వారా డబ్బు పంపి వేరే దేశంలో చదివిస్తున్న అమ్మాయిని, ఏళ్ల తరబడి ఉత్తరాల్లోనే తెలిసిన అమ్మాయిని ఒక్కసారి కళ్లారా చూడాలని ఎవరికైనా ఉంటుంది. వెళ్లండి, తప్పేం లేదు. కాకపోతే మామూలు ప్రయాణంలో జాగ్రత్తలన్నీ మన కోసం తీసుకుంటాం. ఇక్కడ సగానికి పైగా ఆ అమ్మాయి కోసం, వాళ్లింటి కోసం తీసుకోవాలి. మనం రెండు రోజులుండి విమానం ఎక్కేస్తాం, ఆ ఊళ్లో ఉండేది వాళ్లు.

చాలామంది టికెట్ కొనేసి, ఆ తర్వాత ఆ సంస్థకు కబురు పెడతారు. ముందు సంస్థకే రాయండి. ఇలాంటి సంస్థలు సాధారణంగా వారాల ముందు, ఒక్కోసారి నెలల ముందే చెప్పమంటాయి. పోలీసు వెరిఫికేషన్ అడగొచ్చు, పిల్లల రక్షణ నియమాల మీద సంతకం పెట్టించుకోవచ్చు. ఇన్నేళ్లుగా డబ్బు పంపుతుంటే నన్నే అనుమానిస్తారా అని చిన్నబుచ్చుకోకండి. ఎవరు ఏమిటని అడగకుండా పిల్ల ఇంటి అడ్రసు చేతిలో పెట్టే సంస్థ ఉంటే, అనుమానించాల్సింది దాన్ని. తేదీలు కూడా వాళ్లతో మాట్లాడాకే ఖాయం చేసుకోండి. అక్కడి పరీక్షలెప్పుడో, వానలకు దారి ఎప్పుడు తెగుతుందో మనకేం తెలుసు? అమ్మానాన్నలు కూలికి వెళ్లేవాళ్లయితే, మన కోసం ఇంట్లో ఉన్న రోజు కూలి పోయినట్టే.

టీకాల కోసం 4 నుంచి 6 వారాల ముందే డాక్టర్‌ను కలవండి. ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి అయిన దేశమైతే, టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే ఆ సర్టిఫికెట్ చెల్లుతుంది. మలేరియా మాత్రలు డాక్టర్ రాస్తే బయల్దేరక ముందే మొదలుపెట్టాలి, తిరిగొచ్చాక కూడా ఆయన చెప్పినన్ని రోజులు వేసుకోవాలి. పాస్‌పోర్ట్‌కు కనీసం 6 నెలల గడువు ఉండాలని చాలా దేశాలు అడుగుతాయి. ఇక వెళ్లాల్సిన రోజు మీకే జ్వరమో దగ్గో ఉంటే ఆ ఇంటికి వెళ్లకండి, ఎంత దూరం నుంచి వచ్చినా సరే.

అసలు చిక్కు బహుమతుల దగ్గర వస్తుంది. మొదటిసారి నేను బ్యాగు నిండా ఆ అమ్మాయికే తీసుకెళ్లాను. తను ఒక్కొక్కటీ తీసి చూసుకుంటుంటే తమ్ముడు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. వాడి కోసం ఒక బంతయినా తేలేదే అని ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఇంట్లో అందరూ వాడుకునేవి, నలుగురు పిల్లలు కలిసి ఆడుకునేవి తీసుకెళ్లండి. నగదు మాత్రం చేతికివ్వొద్దు. విదేశీ మనిషి వచ్చి వెళ్లాడంటే చాలు, ఆ ఇంట్లో డబ్బుందని ఊరంతా అనుకుంటుంది. అప్పులవాళ్లు రావచ్చు, దొంగలూ రావచ్చు. ఏదైనా అదనంగా ఇవ్వాలనిపిస్తే సంస్థ ద్వారానే ఇవ్వండి. "పెద్దయ్యాక మా దేశం తీసుకెళ్తా" లాంటి మాటలు సరదాకి కూడా అనకండి. మీరు మర్చిపోతారు, పిల్ల మర్చిపోదు.

ఫొటో తీసేముందు అమ్మాయిని, తల్లిదండ్రులను ఇద్దరినీ అడగండి. ఫోన్‌లో కెమెరాకు లొకేషన్ ఆపేయండి, లేకపోతే ఆ ఇల్లు ఎక్కడుందో ఫొటోలోనే నమోదై ఉంటుంది. సోషల్ మీడియాలో అసలు పెట్టకపోవడమే మంచిది. పేరు రాయకపోయినా స్కూలు బోర్డు, యూనిఫాం మీది బ్యాడ్జి చాలు ఆచూకీ తెలియడానికి.

కలవడం పగటిపూట, సంస్థ మనిషి పక్కనుండగానే. అమ్మాయితో ఒంటరిగా ఉండటం, బయటికి తిప్పుకొస్తాననడం వద్దు. భాష తెలిసిన మనిషి మధ్యలో ఉన్నా, చూపు మాత్రం అమ్మాయి వైపే ఉంచి చిన్న చిన్న మాటల్లో మాట్లాడండి. మార్కులెన్ని, నాన్న ఏరి, ఇల్లెందుకిలా ఉంది అని అడగొద్దు. ఉత్తరాల్లో గలగలా మాట్లాడిన పిల్ల ఎదురుగా నోరు విప్పకపోవచ్చు. టెన్షన్ పడకండి, కాసేపు కలిసి బొమ్మలు వేయండి. ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోవద్దు. పిల్ల విషయంలో ఏదైనా తేడాగా అనిపిస్తే అక్కడ నిలదీయకుండా, బయటికొచ్చాక సంస్థవాళ్లకు ఆ రోజే చెప్పండి.

తిరిగొచ్చాక ఫొటోలు ప్రింట్ వేయించి సంస్థ ద్వారా పంపండి. ఇంటిల్లిపాదీ కలిసి ఉన్న ఫొటో వాళ్ల దగ్గర ఒక్కటీ లేకపోవచ్చు.